తప్పు డబ్బాలో చీటి

సకల జనుల సమ్మె మొదలైన రోజు మా బావ తిరుపతి భూపాలపల్లిలో బొగ్గు ఆపేశాడు. ఆయన ఒక్కడే కాదు, సింగరేణి అంతా ఆగింది. బొగ్గు ఆగిన కొద్ది రోజులకు కేసముద్రంలో మా ఇంటి కరెంటు ఆగింది.

"ఏం బావా, నువ్వాడ పార కింద పెడితె ఈడ మా ఫ్యాన్ బందయింది" అని ఫోన్ చేశాను.

"రాష్ట్రం వచ్చినంక తిరుగుతది తియ్. అందాక నోటితోని ఊదుకో" అన్నాడు.

ఆ వారమే ఆయన బిడ్డను వెంటబెట్టుకొని, రెండు ఆటోలూ ఒక పాల వ్యానూ మారి మా ఇంట్లో దిగాడు. గని బంద్, బిడ్డ కాలేజీ బంద్. మా అక్క మాత్రం అంగన్‌వాడీల దీక్షా శిబిరం వదిలి రానని భూపాలపల్లిలోనే ఉండిపోయింది.

"మంచిగైంది. నువ్వు ఆపిన కరెంటుకు నువ్వే వచ్చి చెమట కార్చుకో" అన్నాను.

మేనకోడలు శిరీష వరంగల్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. దిగీ దిగగానే అది అడిగిన మొదటి మాట, "మామా, కరెంటు ఎప్పుడెప్పుడు ఉంటది?" మంచినీళ్లు రెండో మాట.

"పొద్దుగాల గంట, పొద్దూకి గంట. నడిమిట్ల ఎప్పుడన్న వస్తే అది మీ బాపు దయ."

దాని మొహం వాడిపోయింది. సంచిలోంచి పాత ల్యాప్‌టాప్ తీసి, పసిపిల్లను చూసినట్టు చూసింది. నేను దాన్నీ, ల్యాప్‌టాప్‌నూ నా దుకాణానికి తీసుకుపోయాను. మార్కెట్ యార్డు గేటుకు ఎదురుగా నాది ట్రాక్టర్ సామాన్ల దుకాణం. బేరింగులు, సీళ్లు, బోల్టులు, వాటికి వంద రేకు డబ్బాలు. కరెంటు లేకున్నా నా దగ్గర ట్రాక్టర్ బ్యాటరీలు ఉన్నాయి. ఒకదానికి తీగలు తగిలించి ల్యాప్‌టాప్‌కు రోజూ రెండు గంటల పానం పోసే ఏర్పాటు చేశాను.

"ఏం పనే గిది, తిండి కన్న ఎక్కువైంది?" అని అడిగాను.

"కంపైలర్ అని ఉంటది మామా. మనిషి రాసింది మిషిన్‌కు తెల్వదు. దాన్ని మిషిన్ మాటలకు మార్చేది కంపైలర్."

"అంటే జిన్నింగ్ మిల్లు. ఇటు పత్తి పోతది, అటు దూది వస్తది."

"ఆఁ, గట్లనే అనుకో. ఆ మిల్లులు కట్టెటోళ్లకు కావలసిన పానలు, బోల్టులు అన్నీ ఒక్క తాన పెట్టిన లైబ్రరీ ఒకటి ఉంది. నేను దాంట్ల పని చేస్తున్న."

"ఎవలిది ఆ దుకాణం?"

"ఎవలిదీ కాదు, అందరిది. ఎవలన్న ఊరికెనె తీస్కపోవచ్చు, ఎవలన్న బాగుచెయ్యొచ్చు."

"అందరిదంటే ఎవలూ ఊడ్వరు గదనే! మన యార్డుల బోరింగ్ చూడలే?"

"గందుకే నేను ఊడుస్తున్న."

గోనె సంచుల మీద పడుకున్న బావ కళ్లు తెరవకుండానే అందుకున్నాడు. "రెండేండ్ల సంది ఊడుస్తంది. ఒక్క పైసా ఇయ్యరట. పుణ్యానికి పనిజేసుడు మా వంశంల లేదు రాజమౌళీ, గిది మీ దిక్కు నుంచే వచ్చింది."

శిరీష ఆయన వైపు చూడలేదు. నాకు మెల్లగా చెప్పింది. ఆ లైబ్రరీలో పదకొండు వేల వరుసల ఫైలు ఒకటి ఉందట. పదేళ్లుగా ఎవరికి దొరికింది వాళ్లు అందులో పడేస్తూ పోయారు. దాన్ని విప్పి, తొమ్మిది ఫైళ్లుగా సర్దే పనిని శిరీష తన మీద వేసుకుంది. సర్దినాక అన్నీ మునుపటి లాగే పనిచేయాలి. వంటిల్లు సర్దినట్టే, రుచి మారకూడదు, ఒక్క గిన్నె తగ్గకూడదు. అక్టోబర్‌లో కొత్త కూర్పు బయటికి పోయేలోపు ఇది సరిగ్గా ముగిస్తే దీనికి తాళంచెవి ఇస్తారట. అంటే ఎవరినీ అడక్కుండా ఆ లైబ్రరీని మార్చే హక్కు.

"మొత్తం దునియాల పద్నాలుగు మందికే ఉంది మామా. మన దిక్కు ఒక్కలకు లేదు."

"ఆ తాళంచెవి ఏం జేసుకుంటవే?"

అది డబ్బా మూత తిప్పుతూ చెప్పింది. "క్లాసుల నేను నోరు తెరిస్తె నవ్వెటోళ్లున్నరు. నా మాట సినిమాల జోకర్ మాట లెక్క ఉందట. ఆడ ఎవలూ నవ్వరు. నేను ఎట్ల మాట్లాడ్తనో వాళ్లకు తెల్వదు, నేను చేసిందే చూస్తరు."

నాకు జోకు వేయాలనిపించలేదు. అది నాకు చాలా అరుదు.

*

రెండు గంటల కరెంటుతో పదకొండు వేల వరుసలు ఎక్కడ తెగుతాయి? అందుకని ల్యాప్‌టాప్ బతికున్నప్పుడు చూసి, చచ్చినప్పుడు చీటీలు రాసేది. ఉద్యమం కరపత్రాలు గులాబీ రంగువి నా దగ్గర కట్టలకు కట్టలు ఉండేవి. వాటిని ముక్కలు చేసి, వెనక తెల్లవైపు ఒక్కో చీటి మీద ఆ ఫైలులోని ఒక్కో ముక్క పేరు రాసింది. రెండు వందల పన్నెండు చీటీలు. నా డబ్బాలు తొమ్మిది ఖాళీ చేయించి అందులో వేయడం మొదలుపెట్టింది. పదో డబ్బా మీద 'తీసేసేవి' అని రాసింది. ఎవరూ వాడకుండా మూలకు పడి ఉన్న ముక్కలు అందులోకి.

మూడు రోజులు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. జుట్టు పీక్కుంది.

"ఏ లెక్కన వేస్తున్నవే?" అన్నాను.

"పెద్దవి ఒక తాన, చిన్నవి ఒక తాన."

నేను నవ్విన నవ్వుకు బావ లేచి కూర్చున్నాడు. "నేను దుకాణం పెట్టిన కొత్తల గిట్లనే సైజుల లెక్క సదిరిన. ఒక్క చక్రం హబ్బు పోయినోడు వస్తే ఆరు డబ్బాలు దించుడు! కలిసి పాడయ్యేటివి కలిసి ఉండాలె బిడ్డా. బేరింగ్ పక్కన దాని సీలు, సీలు పక్కన దాని గ్రీజు."

అది నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఇది జోకా?"

"అవ్వ తోడు, కాదు."

డబ్బాలన్నీ కుమ్మరించి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి చేయి ఆగలేదు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పాలి. జనగామ హాస్టల్లో ఏడో తరగతి పరీక్షల ముందు రోజు గోడ దూకి రైలెక్కిన మనిషిని. చదువు అబ్బలేదు, కోతి వేషాలు అబ్బాయి. రోజూ దుకాణం మూసే ముందు ఏదో ఒక సామాను తప్పు డబ్బాలో పెడతాను. మర్నాడు పట్టుకున్నవాళ్లకు నా చాయ్. కేసముద్రంలో సగం మంది రైతులు నా దుకాణానికి బోల్టుల కోసం కాదు, ఆ చాయ్ కోసం వస్తారు. శిరీష వచ్చిన పదకొండు రోజుల్లో పదకొండు చాయ్‌లు తాగింది. ఒక్కసారి కూడా తప్పించుకోలేకపోయాను.

పన్నెండో రోజు సాయంత్రం నా చేయి దాని చీటీల మీదికి పోయింది. ఎనిమిదో డబ్బాలోంచి ఒక చీటి తీసి 'తీసేసేవి' డబ్బాలో పడేశాను. పొద్దున పట్టుకుంటుంది, నా మీద అరుస్తుంది, చాయ్ తాగుతుంది అనుకున్నాను. అదే సమయానికి మా అవ్వ గడపలో నిలబడి, "బతుకమ్మ ఎత్తుకునే యాళ్ల అయితంది, ఆ రేకు డబ్బాలిడిసి రాయే పోరీ!" అని కేకేసింది. శిరీష మూతలు పెట్టేసి పరిగెత్తింది.

మర్నాడు తెల్లారకుండానే యాక్సిల్ విరిగిన ట్రాక్టర్ ఒకటి నా మీద వచ్చి పడింది. నేను దాని కింద, చీటి నా మతిలోంచి బయట. శిరీష చీటీల ప్రకారం సర్దడం ముగించింది. నాలుగు వేల పరీక్షలు పెట్టింది, అన్నీ పాసయ్యాయి. మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, ఆసిఫ్ నెట్ సెంటర్‌కు పోయి పంపించింది. పంపించి వచ్చి అవ్వను ఎత్తుకొని గిర్రున తిప్పింది.

*

వారం తర్వాత శనివారం పొద్దున. ఫోనుకు సిగ్నల్ కోసం శిరీష రోజూ యార్డులో పత్తి బోరాల మీదికి ఎక్కేది. ఆ ఫోనులో ఒక ఉత్తరం తెరుచుకోవడానికి పావుగంట పట్టేది. ఆ రోజు బోరాల మీదినుంచి దిగి వచ్చింది గానీ దిగినట్టు లేదు, జారినట్టు ఉంది.

"ఏమైంది?" అన్నాడు బావ.

"ఒక ముక్క పోగొట్టిన బాపూ. తప్పు ఎన్నో వరుసల ఉందో బయటోళ్లకు చెప్పే చిన్న ముక్క. లైబ్రరీ లోపల దాన్ని ఎవలూ వాడరు, అందుకే నా పరీక్షలకు దొరకలే. దాన్ని నమ్ముకున్నోళ్ల ప్రోగ్రాములు ఎక్కడెక్కడనో ఆగిపోయినయట. మన పొద్దూకి ఆరింటిలోపు సదరకపోతే నేను చేసిందంతా తీసేసి పాత కుప్పనే పెడ్తమని రాసిండు ఆ లైబ్రరీ చూసుకునే పెద్దాయన."

"తాళంచెవి?"

"ఇంకేం తాళంచెవి." అది నేల మీద కూర్చుంది. "నేను దాన్ని ఉంచాలె అనే రాసిన, నాకు యాదికుంది. కని డబ్బా చూస్తే తీసేసేటియిల ఉంది. నా కండ్లే సక్కగ లేవు. బాపు చెప్పిందే నిజం. నాతోని కాదు, ఇడిసిపెడ్త."

బావ గెలిచిన మొహం పెడతాడేమో అనుకున్నాను, పెట్టలేదు. నా చేతిలో చాయ్ గ్లాసు. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. గ్లాసు కింద పెట్టాను.

"నేనే మార్చిన బిడ్డా. ఎనిమిదో డబ్బాల నుంచి."

అది నన్ను చూసి ఏడుపులోనే చిన్నగా నవ్వింది. "నన్ను నవ్వియ్యకు మామా. ఇప్పుడొద్దు."

"జోకు కాదే!"

"అవ్వ తోడా?" అన్నాడు బావ వెటకారంగా.

ముప్పై ఏళ్లుగా అబద్ధాలాడిన నోరు నిజం చెబితే గతి ఇదీ. డబ్బా తెచ్చి దాని ముందు బోర్లించాను. పదిహేడు చీటీలు. పదహారు చీటీలు తెల్లగా, దాని చేతిరాత లాగే శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదాని మూలన మాత్రం నల్లటి గ్రీజులో నా బొటనవేలి ముద్ర, సర్కారు కాగితం మీద వేసినట్టు నిండుగా.

శిరీష ఆ ముద్రను వేలితో రుద్ది చూసింది. తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండు అనుకున్నాను.

"టైం ఎంతయింది?" అంది.

"పదకొండు."

"బండి తియ్."

*

నా ఎం-80 మీద ముగ్గురం. ముందు నేను, వెనక బావ, నడుమ శిరీష, దాని ఒళ్లో ల్యాప్‌టాప్. నా కాళ్ల మధ్య ట్రాక్టర్ బ్యాటరీ. మానుకోటలో కరెంటు ఉంటుందన్న నమ్మకం నాకు లేదు.

సగం దారిలో రోడ్డు మీద వంటావార్పు. అటూ ఇటూ ట్రాక్టర్లు అడ్డం పెట్టి, నడుమ రాళ్ల పొయ్యిల మీద గుండిగలు ఎక్కించారు. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్లు రోడ్డు మీదనే బతుకమ్మ ఆడుతున్నారు. నా రాత బాగుంటే అడ్డం తొలగించేవాళ్లేమో గానీ, ఆ రోజు అక్కడ పెద్దమనిషి పక్క తండా సక్రు. కిందటేడు అతని కొత్త ట్రాక్టర్‌కు బ్రేకు తొక్కితే హారన్ మోగేటట్టు తీగ కలిపింది నేనే. అతను ఆ ట్రాక్టర్ మీద పెళ్లి పిల్లను తీసుకుపోయాడు, దారి పొడుగునా ఊదుకుంటూ.

"ఆఁ, రాజమౌళీ! రా రా. బండి దిగు" అన్నాడు, గరిటె భుజాన వేసుకొని.

"సక్రన్నా, జర పోనియ్యి. మా పోరి కంపైలర్ల ముక్క పోయింది. దునియాల ప్రోగ్రాములు ఆగినయి. ఆరింటిలోపు పెట్టాలె."

రోడ్డు రోడ్డంతా నవ్వింది.

"దునియా ఆగింది అంటున్నడు! నిరుడు నా ట్రాక్టర్ పాము మింగింది అన్నవు గదరా!"

"ఈసారి నిజమే అన్నా!"

"నిజమైతే చెవులు పట్టుకొని ఇరవై ఒక్క గుంజీలు తియ్. హారన్‌కు పది, పాముకు పది, ఇవాళ్టికి ఒకటి."

తీశాను. ఆగిన డప్పు నా గుంజీల లెక్కకు మళ్లీ మోగింది. ఆడవాళ్లు పువ్వులు వదిలేసి లెక్కపెట్టారు. పదిహేనో గుంజీకి కడుపు పట్టుకొని నవ్వుతున్న శిరీషను చూశాను. పొద్దుటి నుంచి అదే మొదటి నవ్వు. ఇంకో ఇరవై తీయమన్నా తీసేవాణ్ని.

లెక్క అయ్యాక సక్రు ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు. అప్పుడు బావ బండి దిగి ముందుకు వచ్చాడు.

"అన్నా, నేను భూపాలపల్లి. సింగరేణిల బొగ్గు కొడ్త. ఇరవై అయిదు దినాల సంది సమ్మెల ఉన్న. ఈడు జోకర్ గాడే, కని పోరిది నా బిడ్డ. దాని పని నిజం. వాళ్లను పోనియ్యిండ్రి, నేను ఈడనే ఉంట. ఏం పనుంటే అది చెప్పుండ్రి."

దాని పని నిజం. ఆ మాట వినగానే శిరీష ల్యాప్‌టాప్‌ను ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

సక్రు గరిటె దించాడు. "సింగరేణి అన్నవా? ట్రాక్టర్ పక్కకు తియ్యిండ్రిరా! అన్నా, నువ్వు కూసో. గా ఉల్లిగడ్డలు నీయే."

బావను ఉల్లిగడ్డల కుప్ప దగ్గర కుదువ పెట్టి మేమిద్దరం మానుకోట చేరాం.

*

ఆసిఫ్ నెట్ సెంటర్ ముందు కుర్చీ వేసుకొని విసనకర్ర ఊపుకుంటున్నాడు. లోపల చీకటి.

"కరెంట్ లేదు రాజమౌళన్నా. ఇన్వర్టర్ బ్యాటరీ కూడా ఖతం. లైన్ మాత్రం ఉంది."

"లైన్ ఉంటే చాలు. నా కాళ్ల నడుమ ఏముందో చూడు."

"అందులో కూడా ఏదన్నా షాక్ పెట్టినావా?" అని రెండడుగులు వెనక్కి వేశాడు. అతనికీ నా చరిత్ర తెలుసు.

ఈ ఒక్క పనిలో మాత్రం నాకు హాస్యం ఉండదు. అతని ఇన్వర్టర్‌కు నా బ్యాటరీ తగిలించి, తీగల మొనలు గీకి బిగించాను. మూలన చిన్న డబ్బా మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. శిరీష అప్పటికే పోయిన ముక్కను ఎనిమిదో ఫైలులో దాని చోట పెడుతోంది. ఆ తర్వాత ఇంకేదో రాస్తూ కూర్చుంది.

"ముక్క పెట్టినవ్ గదా, ఇంకేంది?"

"దాన్ని మళ్ల ఎవలన్న తీసేస్తే దొరకాలె గదా మామా. దానికొక పరీక్ష రాస్తున్న. నీ అసోంటి మామ ఇంకొకడు ఉంటడు ఎక్కడన్న."

నాలుగు దాటుతుండగా పంపింది. ఆసిఫ్ చాయ్ తెప్పించాడు. ఎవరమూ తాగలేదు. ఐదుంబావుకు జవాబు వచ్చింది. శిరీష చదివింది, మళ్లీ చదివింది, తెర మీదికి వంగి మూడోసారి చదివింది.

"ఏమన్నడే? చెప్పవేందే!"

"సరిపోయిందట. పాత కుప్ప అక్కర్లేదట." ఊపిరి పీల్చుకుంది. "ఒకటి అడిగిండు. పరీక్షకు నేను పెట్టిన పేరు ఏందని."

"ఏం పేరు పెట్టినవ్?"

అది తెరను నా వైపు తిప్పింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవడానికి నాకు కొంచెంసేపు పట్టింది. ఆర్, ఏ, జే...

"ఓరి నీ! పేరు తీసెయ్ వే!"

"తియ్య. తీస్తే పరీక్ష పోతది" అని, పెద్దాయనకు జవాబు రాసింది. ఏం రాశావంటే, "మా మామ అని రాసిన. చీటీలు మారుస్తడు, జాగ్రత్త అని రాసిన" అంది.

తిరిగి వస్తుంటే వంటావార్పు దగ్గర పంక్తులు సగం లేచాయి. బావ ఉల్లిగడ్డల ముందు కళ్లు ఎర్రగా చేసుకొని కూర్చున్నాడు. బిడ్డను చూడగానే మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు.

"పంపినవా?"

"పంపిన బాపూ. ఒప్పుకున్నరు."

"పైసలిస్తరా?"

"ఇయ్యరు."

బావ విస్తరి పరిచి, దాని ముందు పెట్టాడు. "నాకు గూడ ఇస్తలేరు తియ్. తిను."

సక్రు స్వయంగా పప్పు పోశాడు. నా విస్తరిలో మాత్రం మొదట ఒక నట్టు పడింది. అది చూసి అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే.

*

సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. బావ మళ్లీ గనిలోకి దిగాడు, మా ఫ్యాను తిరిగింది. శిరీష వరంగల్ పోయే ముందు రోజు తాళంచెవి వచ్చింది. పదిహేనో మనిషి. దుకాణంలో అందరికీ అవ్వ బెల్లం పంచింది, ఎందుకో ఆమెకు అర్థం కాకున్నా. "మన పోరికి ఏదో దుకాణం తాళం ఇచ్చిండ్రట" అని యార్డంతా చెప్పింది. ఆ పదో డబ్బాను నేను మళ్లీ బోల్టులకు వాడలేదు. గ్రీజు ముద్ర చీటి శిరీష పుస్తకంలో పెట్టుకొని పోయింది.

రాష్ట్రం వచ్చిన ఏడు సెలవులకు వచ్చినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని పరీక్షలు నడిపించి చూపింది. తెర మీద వరుసలు పైకి పరిగెత్తాయి. ఒకచోట ఆపింది. నా పేరు, దాని పక్కన పాస్ అని.

"ఇది మన ఒక్క దగ్గరనే కాదు మామా. ఆ లైబ్రరీని ఎవలు ముట్టుకున్నా, ఏ దేశంల అయినా, ముందు నువ్వు నీ జాగల ఉన్నవో లేవో చూస్తది."

"రోజుకు ఎన్నిసార్లు?"

"వందసార్లు అనుకో."

జనగామలో గోడ దూకినప్పుడు మా పంతులు, ఈ జన్మలో నువ్వు ఒక్క పరీక్ష పాస్ కావు అన్నాడు. ఆయన ఉంటే ఆ తెర చూపించేవాణ్ని. చూపించినా నమ్మడు. చెప్పేది నేను కదా.